మన ఇంటి కథ మన బిడ్డల కలంలో

మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన తరం మాది. నల్లని రాతిని పలుచగా చీల్చి, చుట్టూ చెక్క చట్రం బిగించి, మా పశ్చిమ ప్రకాశం నేల ఎన్నో ప్రాంతాల పిల్లలకు వ్రాతపలకలను అందించింది. ఆ పలకల కాలం దాదాపు ముగిసింది. ఆ రాయి నేడు ఎక్కువగా ఇళ్ల గోడలకూ, నేలలకూ పోతున్నది. అయితే ఊరూరికీ పలకలు పంపిన ఈ ప్రాంతంలో ముస్లిం ఇళ్ల బ్రతుకు ఏ మేరకు అక్షరాలకెక్కింది? ఈ ప్రశ్న మాకు మాగా తోచినది కాదు. మా మదరసాలో చదివిన ఒక బాలిక దీనిని మా ముందుంచింది.

ఒకనాటి సాయంత్రం అస్ర్ నమాజు ముగిసిన తరువాత ఆమె తన తల్లిని వెంటబెట్టుకొని వచ్చింది. పన్నెండేళ్ల వయసు వరకు మా వద్ద ఖుర్ఆన్ పారాయణం నేర్చుకొని, ఇప్పుడు కనిగిరిలో ఇంటర్మీడియట్ చదువుతున్న పిల్ల. చేతిలో ఒక పొడవాటి నోటుపుస్తకం, అందులో నాలుగు పేజీల కథ. కనిగిరి ప్రాంతపు ఫ్లోరైడ్ నీటిని బ్రతుకంతా త్రాగి, ఎముకలు బిగిసి, మోకాళ్లు ముడవలేని ఒక వృద్ధురాలి కథ అది. ఆమె కుర్చీలో కూర్చొనియే నమాజు చేస్తుంది. రంజాన్ చివరి రాత్రులలో ఒకనాడు, ఎవరూ చూడకుండా నేలమీద సజ్దా చేయాలని ప్రయత్నించి, తిరిగి లేవలేకపోతుంది. మనుమరాలు పక్కింటి ఆమెను పిలుచుకొచ్చి లేపుతుంది. కథ అంతే.

మేము ఎర్ర సిరా కలం తీసుకొని కూర్చున్నాము. 'నానీ' అన్న చోటల్లా 'అమ్మమ్మ' అని దిద్దాము. 'జానిమాజ్'ను 'ప్రార్థనా వస్త్రం' చేశాము. లేపేటప్పుడు మనుమరాలు అన్న 'ఉఠో నానీ' అన్న మాటను 'లెమ్ము అమ్మమ్మా' అని మార్చాము. చివర, ఓర్పు గొప్పదనాన్ని బోధించే ఒక పేరాను మేమే చేర్చాము. వారం తరువాత ఆ పిల్ల వచ్చి, మర్యాద తప్పకుండా, తల వంచుకొనియే ఒక మాట అన్నది: "హజ్రత్, తెలుగు చాలా బాగుంది. కానీ ఇది మా నానీ కాదు."

ముప్పై ఏళ్లుగా పిల్లల తప్పులు దిద్దుతున్న మాకు, దిద్దుబాటే తప్పు కాగలదని ఆనాడు తెలిసింది. ఆ తరువాత కలం పట్టదలచిన మన పిల్లలకు నిజంగా అక్కరకు వచ్చేవి ఏవో వెదకి తెలుసుకున్నాము. వాటినే ఈ వ్యాసంలో పాఠక సోదర సోదరీమణుల ముందుంచుతున్నాము.

ఇంటి మాటకు సిగ్గుపడనక్కరలేదు

ఆ పదాలను మేమెందుకు కొట్టివేశాము? తెలుగు పాఠకులకు అర్థం కావని భయపడ్డాము. ఈ భయం ఎంత నిరాధారమో భాషను పరికిస్తే తెలుస్తుంది. జిల్లా, తహసీలు, దస్తావేజు, వకీలు, హాజరు, వసూలు, రాజీ, జవాబు - ఇవన్నీ అరబీ, పారసీ భాషల నుండి వచ్చి తెలుగులో స్థిరపడిన మాటలే. మన కచేరీ మాటలను శతాబ్దాల క్రితమే తనలో కలుపుకొన్న తెలుగు, మన వంటింటి మాటలను మాత్రం ఎందుకు కాదంటుంది? అవి వ్రాతలోకి రాకపోవడానికి కారణం తెలుగు కాదు. వాటిని వ్రాయవలసిన మనమే వ్రాయలేదు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. మాట ప్రక్కన బ్రాకెట్టు పెట్టి అర్థం చెబితే కథ పాఠ్యపుస్తకమవుతుంది. 'నానీ జానిమాజ్ పరచుకొని ఖిబ్లా వైపు తిరిగింది' అని వ్రాస్తే చాలు. అది నమాజుకు పరచుకొనే వస్త్రమని ఏ పాఠకునికైనా బోధపడుతుంది.

మరొక సంగతి. ముస్లిం ఇల్లు అంటే ఒకే రకమైన ఇల్లు కాదు. ఉర్దూ మాట్లాడుతూ, తెలుగులో మాత్రమే వ్రాయగలిగే ఇళ్లున్నాయి. తరతరాలుగా తెలుగే మాతృభాషగా గల నూర్‌బాషా, దూదేకుల ఇళ్లున్నాయి. బుర్రకథకు మారుపేరై, 1986లో పద్మశ్రీ అందుకొన్న షేక్ నాజర్ జీవితకథ పేరు 'పింజారి'. దూది ఏకే వృత్తివారిని తక్కువచేసి పిలవడానికి లోకం వాడిన మాటనే ఆ మహాకళాకారుడు తన పుస్తకానికి శిరస్సున ఉంచుకొన్నారు. దూదేకుల ఇంటి బిడ్డ తన కథలో బలవంతంగా ఉర్దూ పలికించనక్కరలేదు. ఉర్దూ ఇంటి బిడ్డ దానిని దాచనక్కరలేదు. ఎవరింటి పలుకు వారిది.

పొరుగువారి భాషను శ్రద్ధగా నేర్వడం మనకు క్రొత్త విషయం కాదు. దైవప్రవక్త (సఅసం) ఆదేశం మీద హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) యూదుల లిపిని కొద్ది రోజులలోనే నేర్చుకున్న వైనం మన పిల్లలకు చెబుతూనే ఉంటాము. తెలుగు మనకు పొరుగు భాష కూడా కాదు, మన నేల భాష. మరి దానిని అంత శ్రద్ధతో నేర్పుతున్నామా? ఈ ప్రశ్న మా వంటి ఉపాధ్యాయులకే ముందుగా తగులుతుంది.

ముందు నడిచినవారు

వ్రాయదలచిన బిడ్డ మొదట తెలుసుకోవలసినది, తాను ఒంటరి కాననే సంగతి. ఇందుకు మేము చూపగల మొదటి పుస్తకం సయ్యద్ నశీర్ అహమ్మద్ గారి 'అక్షర శిల్పులు'. 2010లో వెలువడిన ఈ గ్రంథంలో 333 మంది తెలుగు ముస్లిం కవుల, రచయితల పరిచయాలున్నాయి. తెలుగు వికీసోర్సులో దీనిని ఉచితంగా చదువుకోవచ్చును. పేజీలు తిప్పుతుంటే ఉపాధ్యాయులు, చిరుద్యోగులు, చేతివృత్తులవారు వరుసగా కనిపిస్తారు. 'మనవాళ్లు తెలుగులో వ్రాస్తారా?' అని అడిగేవారికి అదే సమాధానం.

ఆ మార్గం పొడవైనది. పిఠాపురానికి చెందిన ఉమర్ అలీషా గారు (1885-1945) పద్యాలు, నాటకాలు వ్రాసి పండితుల మన్నన పొందారు. తాడికొండలో షేక్ ఖాజా హుస్సేన్‌గా పుట్టిన కవి, దేవిప్రియగా లోకానికి తెలిసి, 'గాలిరంగు' కావ్యానికి 2017లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం, 2004లో 'వతన్' కథా సంకలనం స్కైబాబ సంపాదకత్వంలో వెలువడ్డాయి. షాజహానా 'నఖాబ్' కవితలు ముస్లిం స్త్రీ గొంతును నేరుగా వినిపించాయి. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలకు 2012లో అకాడమీ యువ పురస్కారం లభించింది.

మా కనిగిరి పిల్లలకు మేము ముందుగా చేతికిచ్చేది మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు'. అవి కావలిలోని బాల్యపు కథలు. 1970లో ఒంగోలు కేంద్రంగా క్రొత్త జిల్లా ఏర్పడే వరకు మా కనిగిరి కూడా నెల్లూరు జిల్లాలోనిదే. కాబట్టి ఆ పలుకుబడి మా పిల్లల చెవికి పరాయిది కాదు. 'మన ఇంట్లో మాట్లాడినట్టే ఉందే' అని వారు ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యమే వారి తొలి పాఠం.

వీరు వ్రాసిన ప్రతి మాటతోనూ మేము ఏకీభవిస్తామని కాదు. మతపెద్దల మీద, మన కుటుంబ పద్ధతుల మీద కొందరు వేసిన ప్రశ్నలు మా వంటివారిని నొప్పించాయి. కొన్నింటికి మా వద్ద సమాధానముంది. కొన్నింటికి మౌనమే ఉంది. అయినా ఆ పుస్తకాలను పిల్లల నుండి దాచడం సరికాదని మా అభిప్రాయం. ఏకీభవించనివారు తాము చూచిన బ్రతుకును తామూ వ్రాయాలి. కలానికి సమాధానం కలమే.

వ్రాత కూడా చేతిపనే

వడ్రంగం ఉస్తాద్ వద్ద నేర్చుకుంటారు. కుట్టుపని ఉస్తాద్ వద్ద నేర్చుకుంటారు. వ్రాత మాత్రం పుట్టుకతో రావాలని ఎందుకు అనుకుంటాము? తెలుగులో దీనికి మంచి ఉస్తాదులున్నారు. కాళీపట్నం రామారావు గారి 'కథాకథనం', వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారి 'కథాశిల్పం' క్రొత్తవారు తప్పక చదవదగినవి. రెండవ దానికి 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఖదీర్‌బాబు 'కథలు ఇలా కూడా రాస్తారు' అన్న పుస్తకం నేటి యువతకు సులువుగా అందుతుంది. వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ గార్ల సంపాదకత్వంలో 1990 మొదలుకొని వచ్చిన 'కథ' వార్షిక సంకలనాలలో ఏ రెండింటిని చదివినా, మంచి కథ ఎన్ని విధాలుగా ఉండగలదో తెలుస్తుంది. రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం వేలాది తెలుగు కథలను భద్రపరిచి, అంతర్జాలం ద్వారా కూడా చదువరులకు అందిస్తున్నది.

పుస్తకాలు నేర్పేవాటితో పాటు, ఆ పిల్ల కథ వలన మేము నేర్చుకొన్న నాలుగు మాటలు చెబుతాము.

మొదటిది, నీతిని కథ చివర అతికించవద్దు. ధర్మబోధ మా వృత్తి. అందుకే ఈ మాట చెప్పడం మాకే కష్టం. కానీ కుర్చీ వదలి నేలమీదికి ఒరిగిన ఆ ముసలామె చేతులు వణికిన తీరు చదివినవారికి, ఓర్పు గురించి మా పేరా అక్కరలేదు. ఉర్దూలో డిప్యూటీ నజీర్ అహ్మద్ 1869లో ప్రచురించిన 'మిరాతుల్ ఉరూస్' నీతి కోసమే వ్రాసిన నవల. తన కుమార్తెల చదువు కోసం దానిని మొదలుపెట్టారు. అయినా అది నేటికీ నిలిచింది అందులోని బోధ వలన కాదు. అక్బరీ, అస్గరీ అన్న అక్కాచెల్లెళ్లు ప్రతి ఇంటిలోనూ ఉన్నారు కనుక నిలిచింది.

రెండవది, చూచినదానిని వ్రాయాలి. నగరాన్ని చూడని పిల్ల నగర కథ వ్రాయనక్కరలేదు. తాగునీటి డబ్బా కోసం వరుసలో నిలబడటం, బేల్దారి పనికి బెంగళూరు వెళ్లిన అన్న పండుగకు వస్తాడో రాడోనని ఎదురుచూడటం, కంభం చెరువు నిండిందన్న వార్త విని పెద్దలు అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకోవడం - పశ్చిమ ప్రకాశంలో కథలకు కరవు లేదు.

మూడవది, తిరగవ్రాయాలి. ఇమామ్ బుఖారీ (రహ్మ) తమ సంకలనం కోసం పదహారేళ్లు శ్రమించారని చదువుకొన్నాము. చేతికి అందిన దానిలో ఎంతో వదలివేయడం వల్లనే మిగిలినదానికి విలువ వచ్చింది. కథను ఒక వారం ప్రక్కన పెట్టి, పైకి చదవాలి. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం చెడినట్టే.

నాలుగవది, ఇతరుల వ్రాతను తనదిగా చెప్పుకోరాదు. ఎవరి ద్వారా విన్నామో చెప్పనిదే మన హదీసు విద్వాంసులు ఒక్క మాటను కూడా అంగీకరించలేదు. ఆ ఇస్నాద్ సంప్రదాయంలో పెరిగిన మనం, ఫోనులో తిరిగే కథను పేరు మార్చి పంపడం, యంత్రం చేత వ్రాయించి సంతకం చేయడం అమానత్‌కు ద్రోహమే.

పత్రికకు పంపే ముందు

కథను తిన్నగా పుస్తకంగా వేయాలని తొందరపడవద్దు. ముందు పత్రికకు పంపాలి. దినపత్రికల ఆదివారం అనుబంధాలు, మాసపత్రికలు, అంతర్జాల పత్రికలు క్రొత్తవారి రచనలను పరిశీలిస్తాయి. కరోనా కాలంలో కొన్ని పత్రికల ముద్రణ ఆగిపోయిన మాట నిజమే. అయినా ద్వారాలన్నీ మూసుకోలేదు.

రచనను ఫోనులోనో, కంప్యూటరులోనో యూనికోడ్ లిపిలో టైపు చేసి పంపడం మేలు. ముద్రణాలయాలు నేటికీ ఎక్కువగా అను లిపిని వాడుతుంటాయి. ఒకదాని నుండి మరొకదానికి మార్చేటప్పుడు ఒత్తులు, పొల్లులు చెదరిపోతాయి గనుక, అచ్చుకు ముందు ప్రూఫును తప్పక చూడాలి. రచనతో పాటు హామీపత్రం జతచేయాలి: ఇది నా స్వంత రచన, అనువాదమో అనుకరణో కాదు, మరెక్కడా ప్రచురితం కాలేదు, మరెక్కడా పరిశీలనలో లేదు అని. ఒకే కథను ఒకేసారి రెండు పత్రికలకు పంపడం ఆ హామీని తప్పడమే. తిరిగివచ్చిన కథను చూచి కుంగిపోరాదు. ఆ పిల్ల కథ రెండు పత్రికల నుండి తిరిగివచ్చింది.

ముప్పై ఏళ్లు నిండని యువతకు మరొక అవకాశముంది. నేషనల్ బుక్ ట్రస్ట్ 2021 నుండి నడుపుతున్న పీఎం-యువ పథకంలో ఎంపికైనవారికి సీనియర్ రచయితల మార్గదర్శనంతో పాటు ఆరు నెలలపాటు నెలకు 50,000 రూపాయల ఉపకారవేతనం ఇస్తారు. తెలుగులో వ్రాసేవారూ అర్హులే. ప్రకటన వెలువడినప్పుడు విషయాన్ని, నిబంధనలను చూచుకొని దరఖాస్తు చేసుకోవాలి.

సంతకం చేసే ముందు

ఇక్కడ ఒక దుఃఖకరమైన సంగతి చెప్పక తప్పదు. మా పూర్వ విద్యార్థి ఒకరు, బెంగళూరులో కష్టం చేసుకొనే యువకుడు, తన కవితలను పుస్తకంగా తేవాలని ఒక ప్రచురణ సంస్థకు 40,000 రూపాయలు చెల్లించాడు. చేతికి వచ్చినవి అచ్చుతప్పులతో నిండిన 200 ప్రతులు. అవి ఇప్పటికీ వారి ఇంట మంచం క్రింద ఉన్నాయి. అంతకంటె బాధాకరం, అతడు చదవకుండా సంతకం చేసిన కాగితంలో ఆ కవితల సర్వహక్కులూ సంస్థవేనని ఉన్నది. అప్పు పత్రం వ్రాసేటప్పుడు సాక్షులను పెట్టుకొమ్మని మన ధర్మం నేర్పింది. ఆ బిడ్డ ఒక్క సాక్షినైనా అడగలేదు, మమ్మల్నీ అడగలేదు. అడిగినా ఆనాడు మాకు చట్టం తెలియదు.

తరువాత తెలుసుకొన్నది ఇది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, రచన కాగితం మీదికి వచ్చిన క్షణం నుండే దాని హక్కు రచయితది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత జీవించినంత కాలమూ, ఆ తరువాత 60 ఏళ్లూ ఆ హక్కు నిలుస్తుంది. హక్కును మరొకరికి బదిలీ చేయాలంటే వ్రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత రాయల్టీ అన్నవి అందులో ఉండాలి. కాలపరిమితి వ్రాయకపోతే ఐదేళ్లనీ, ప్రాంతం వ్రాయకపోతే భారతదేశమనీ చట్టం భావిస్తుంది. అచ్చు హక్కు, అనువాద హక్కు, సినిమా హక్కు వేరువేరు. ఒకటి ఇచ్చినంత మాత్రాన అన్నీ ఇవ్వనక్కరలేదు. 'సర్వహక్కులు' అన్న మాట కనిపిస్తే కలం క్రింద పెట్టి, తెలిసినవారికి చూపించాలి.

డబ్బు తీసుకొని అచ్చువేయడం తప్పేమీ కాదు. తెలుగులో ఎందరో రచయితలు తమ ఖర్చుతోనే తొలి పుస్తకం తెచ్చారు. అయితే దానిని ముద్రణ పనిగానే చూడాలి, ప్రచురణ గౌరవంగా భ్రమపడరాదు. పుస్తకం సాధారణంగా 16 పేజీల ఫారాలుగా అచ్చవుతుంది. కాగితం, ముఖచిత్రం, బైండింగు, ప్రతుల సంఖ్య విడివిడిగా వ్రాయించుకొని, రెండు మూడు చోట్ల ధర విచారించాలి. నేడు యాభై, వంద ప్రతులు కూడా వేయించుకొనే సౌకర్యముంది గనుక వేయి ప్రతులు వేసి ఇంటిని గోదాము చేసుకోనక్కరలేదు. ఐఎస్‌బీఎన్ సంఖ్యను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది. దానికి రుసుము అడిగేవారిని నమ్మరాదు.

పుస్తకం వెలువడిన 30 రోజులలోగా ఒక ప్రతిని కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, ఒక్కొక్క ప్రతిని చెన్నై, ముంబయి, ఢిల్లీలలోని నిర్దేశిత గ్రంథాలయాలకు పంపాలని 1954 నాటి చట్టం చెబుతున్నది. ఇది భారం కాదు. మన ఇంట్లో చెదలు తిన్నా, అక్కడ ఆ పుస్తకం ఉంటుంది. కథల పుస్తకమైతే కథానిలయానికీ ఒక ప్రతి పంపాలి. ఏటా జనవరి తొలి రోజులలో విజయవాడలో జరిగే పుస్తక మహోత్సవానికి ఒకసారి పిల్లలను తీసుకువెళ్లండి. ప్రచురణకర్తలు ఎలాంటి పుస్తకాలు తెస్తున్నారో, ధరలెలా ఉన్నాయో కళ్లారా చూస్తారు. పెండ్లి ప్రయాణాలకు అయ్యే ఖర్చులో అది ఎన్నవ వంతు?

తల్లిదండ్రులకు ఒక మనవి

మన ఇళ్లలో వ్రాసే పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, లోటు ప్రతిభ కాదు. ఒక గంట తీరిక, ఒక మూల దీపం, 'ఏం వ్రాశావు, చదివి వినిపించు' అని అడిగే ఒక మనిషి - ఇవే లోటు. శుక్రవారం సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చొని ఒక కథ చదువుకొనే అలవాటు చేసుకొంటే సగం పని జరిగినట్టే. 'మన ఇంటి గుట్టు బయటపెడుతుందేమో' అన్న భయం కొందరిలో ఉంది. పేర్లు, ఊర్లు మార్చి, ఎవరి పరువుకూ భంగం కలుగకుండా వ్రాయడం నేర్పండి. గీబత్‌కూ కథకూ నడుమ ఉన్న గీతను నేర్పవలసినది మనమే. గీత నేర్పమంటే కలం లాక్కోమని కాదు.

ఆ పిల్ల మా ఎర్ర సిరా గీతలన్నీ ప్రక్కన పెట్టి, తన మొదటి ప్రతినే మళ్లీ సరిదిద్దుకొన్నది. పక్కింటి ఆమెకు, కాలేజీలోని తెలుగు మేడమ్‌కు చదివి వినిపించింది. మూడవ పత్రిక దానిని ప్రచురించింది. పత్రిక రాగానే నానీ మంచం ప్రక్కన కూర్చొని మొత్తం చదివిందట. ఆమెకు తెలుగు చదవడం రాదు, వినడం వచ్చు. చివరి వరకు విని, "అంతా సరే గానీ, ఆ రాత్రి నేను ఏడ్చానని వ్రాశావే, నేను ఏడవలేదు. సజ్దా దొరికిందని సంతోషపడ్డాను" అన్నదట.

పత్రికలో అచ్చయిన ఆ కథను మా వద్దకు తెచ్చి, ఆ ఒక్క వాక్యాన్ని చేత్తో కొట్టివేసి, నానీ చెప్పినట్టు పైన వ్రాసి చూపించింది. "పుస్తకంలో వేసినప్పుడు ఇలాగే ఉండాలి హజ్రత్" అన్నది. ఈసారి మేము ఎర్ర కలం తీయలేదు.